రియాక్టర్ డిజైన్ ప్రాజెక్టు – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చివరి ఏడాది ప్రాజెక్టుల కాలం కదా, ఈసారి శీర్షికను పూర్తిగా కెమికల్ ఇంజనీరింగ్ విద్యార్థులకే కేటాయించాం. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: మా బ్యాచ్‌లో నలుగురం. గైడ్ గారు ‘సీఎస్‌టీఆర్ డిజైన్, ఫ్యాబ్రికేషన్’ (సీఎస్‌టీఆర్ అంటే ద్రవం ఒకవైపు వస్తూ మరోవైపు పోతూ, లోపల ఎప్పుడూ కలుపుతూ ఉండే ట్యాంకు రియాక్టర్) అని టాపిక్ ఇచ్చి, రియాక్షన్ మీరే ఎంచుకోండి అన్నారు. 2 లీటర్ల అక్రిలిక్ ట్యాంకు చేయిద్దామని అనుకుంటున్నాం. ఇంకా ఏమేం కావాలి?
– బీటెక్ నాలుగో సంవత్సరం విద్యార్థులు, కాకినాడ

జవాబు: ట్యాంకు ఆర్డరు ఇంకా ఇవ్వకపోతే ఆగండి. రియాక్షన్ ఖాయం కాకుండా 2 లీటర్లు అన్న అంకె ఎలా వచ్చింది?

మీ ల్యాబ్‌లో మీ చేతులతో కొలవగలిగిన రియాక్షన్‌నే తీసుకోండి. ఇథైల్ ఎసిటేట్‌ను కాస్టిక్ సోడాతో సపోనిఫికేషన్ చేయడం, అంటే క్షారంతో ఎస్టర్‌ను విడగొట్టడం, దీనికి సరిగ్గా సరిపోతుంది. పలచటి ద్రావణాల్లో గది వేడిమి దగ్గరే జరుగుతుంది, వేడి పెద్దగా పుట్టదు, టైట్రేషన్‌తోనూ కండక్టివిటీ మీటర్‌తోనూ పట్టుకోవచ్చు. ఇది రెండో ఆర్డర్ రియాక్షన్. 25 డిగ్రీల దగ్గర రేటు కాన్‌స్టంట్ సుమారు 0.11 లీటర్/మోల్-సెకను, యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కు 47 కిలోజౌళ్ల చుట్టుపక్కల. ఈ అంకెలను నివేదికలో దించేసి ఊరుకోకండి. ముందు 500 మి.లీ. బీకర్‌లో బ్యాచ్ ప్రయోగం చేసి మీ సొంత కాన్‌స్టంట్ తేల్చుకోండి. డిజైన్‌కు దాన్నే వాడండి.

ఇప్పుడు లెక్క. రెండు డ్రమ్ముల్లోనూ 0.1 మోలార్ ద్రావణాలు, సమాన ప్రవాహాలు. ట్యాంకులో కలిసిన క్షణానే రెండూ 0.05 మోలార్ అవుతాయి. ఇక్కడే చాలామంది బోల్తా కొడతారు. 0.1 వేసుకుంటే కాగితం మీద ట్యాంకు సగానికి సగం తగ్గిపోతుంది. సీఎస్‌టీఆర్‌కు సూత్రం ఇది: రేటు కాన్‌స్టంట్ × మొదటి గాఢత × రెసిడెన్స్ టైమ్ = కన్వర్షన్ ÷ (1 – కన్వర్షన్) వర్గం. రెసిడెన్స్ టైమ్ అంటే ద్రవం ట్యాంకులో సగటున ఉండే సమయం, కన్వర్షన్ అంటే వేసినదాంట్లో రియాక్ట్ అయిన వంతు. కన్వర్షన్ 70 శాతం కావాలంటే కుడివైపు 0.7 ÷ 0.09, అంటే 7.78. ఎడమవైపు 0.11 × 0.05 = 0.0055. రెసిడెన్స్ టైమ్ 1,414 సెకన్లు, దాదాపు 23.6 నిమిషాలు.

మీరనుకున్న 2 లీటర్ల ట్యాంకుకు మొత్తం ప్రవాహం నిమిషానికి 85 మి.లీ. అవుతుంది. స్టెడీ స్టేట్ (రీడింగులు మారకుండా నిలకడగా ఉండే స్థితి) రావడానికి మూడు నాలుగు రెసిడెన్స్ టైమ్‌లు, అంటే గంటన్నర పడుతుంది. ఒక్క రీడింగుకు ఏడున్నర లీటర్ల ద్రావణం కాలువలో పోసినట్టే. అయిదు ప్రవాహాలు, మూడు ఉష్ణోగ్రతలు అనుకుంటే వంద లీటర్లు దాటిపోతుంది. అదే 500 మి.లీ. ట్యాంకైతే నిమిషానికి 21 మి.లీ., రీడింగుకు రెండు లీటర్ల లోపు. చిన్నదే చేయించండి. ఇంకో మాట: పలచగా ఉన్నా ఇథైల్ ఎసిటేట్ అక్రిలిక్‌కు మంచిది కాదు. స్టాక్ ద్రావణం కలిపేటప్పుడు కలవని చుక్కలు గోడకు తగిలితే తెల్లగా మసకబారి సన్నటి పగుళ్లు వస్తాయి. గాజు గానీ, పాలీప్రొపిలీన్ గానీ తీసుకోండి.

అదే 70 శాతానికి పీఎఫ్ఆర్‌లో (గొట్టంలా పొడవుగా ఉండే రియాక్టర్‌లో) ఏడు నిమిషాలు చాలు. 90 శాతానికి వెళ్తే పీఎఫ్ఆర్‌కు 27 నిమిషాలు, ఒక్క సీఎస్‌టీఆర్‌కు నాలుగున్నర గంటలు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఒక గ్రాఫ్ గీయండి. వైవాలో సగం ప్రశ్నలు దాని మీదే వస్తాయి.

ప్రశ్న: పైన చెప్పిన రియాక్షన్‌తోనే రిగ్ కట్టాం. 70 శాతం రావాల్సిన చోట 66 వస్తోంది. నాలుగు శాతమే కదా, ప్రయోగ దోషం అని రాసేయవచ్చా?
– పాలిటెక్నిక్ అధ్యాపకుడు, విజయవాడ

జవాబు: రాయకండి. 66 శాతాన్ని అదే సూత్రంలో పెట్టి చూడండి: 0.66 ÷ 0.1156 = 5.71. రావాల్సింది 7.78. అంటే రేటు కాన్‌స్టంట్, గాఢత, రెసిడెన్స్ టైమ్ – ఈ మూడింటి లబ్ధంలో 27 శాతం ఎక్కడో పోయింది. సీఎస్‌టీఆర్ స్వభావమే అంత. పెద్ద తప్పును చిన్న తేడాగా చూపిస్తుంది.

ముందు ద్రావణాలను అనుమానించండి. లీటరుకు 4 గ్రాముల కాస్టిక్ అని తూచి వేసినంత మాత్రాన 0.1 మోలార్ కాదు. గుళికలు తూకం పళ్లెంలో ఉండగానే తేమ పీల్చుకుంటాయి. కలిపిన ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని కొంత కార్బొనేట్ అవుతుంది. ప్రయోగం రోజున ఆక్జాలిక్ ఆమ్లంతో స్టాండర్డైజ్ చేయాల్సిందే. ఇథైల్ ఎసిటేట్ లీటరుకు 9.8 మి.లీ. వేస్తాం కదా, మూత లేని బకెట్‌లో అది ఆవిరై పోతుంది. ముందురోజు కలిపి పెట్టుకోవడం మానండి.

తర్వాత శాంపిల్ తీసే పద్ధతి. పిపెట్‌తో తీసి, తీరిగ్గా ఆమ్లంతో టైట్రేట్ చేస్తుంటే ఫ్లాస్కులో రియాక్షన్ నడుస్తూనే ఉంటుంది. 10 మి.లీ. శాంపిల్‌ను ముందే సిద్ధంగా ఉంచిన 10 మి.లీ. 0.05 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోకి వదలండి. అక్కడికక్కడే ఆగిపోతుంది. మిగిలిన ఆమ్లాన్ని 0.05 మోలార్ కాస్టిక్‌తో బ్యాక్ టైట్రేట్ చేయండి. కన్వర్షన్ 70 శాతమైతే బ్యూరెట్ రీడింగు 7.0 మి.లీ. దగ్గర ఉండాలి. ఇండికేటర్‌గా ఫినాల్ఫ్తలీనే వాడాలి. మిథైల్ ఆరెంజ్ వేస్తే రంగు తొందరగా మారుతుంది, ఎసిటేట్‌లో కొంత భాగం కూడా క్షారం లెక్కలో పడుతుంది, కన్వర్షన్ తక్కువగా కనిపిస్తుంది. మీ 66 వెనక ఇదే ఉండవచ్చు, ముందు చూసుకోండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే ట్యాంకులో డెడ్ జోన్ ఉన్నట్టు. దాన్ని పట్టుకోవడం తేలిక. నీళ్లు నడుస్తుండగా ఒక్కసారిగా ఫీడ్‌ను ఉప్పునీటికి మార్చి, అవుట్‌లెట్ దగ్గర కండక్టివిటీని అర నిమిషానికోసారి రాయండి. మంచి సీఎస్‌టీఆర్‌లో ఒక రెసిడెన్స్ టైమ్ గడిచేసరికి రీడింగు చివరి విలువలో 63 శాతానికి చేరాలి. ఘనపరిమాణం ÷ ప్రవాహం లెక్క 20 నిమిషాలు చెబుతుంటే ఆ 63 శాతం 16వ నిమిషానికే వచ్చిందనుకోండి, ట్యాంకులో అయిదో వంతు పని చేయకుండా కూర్చున్నట్టు. ఇన్‌లెట్, అవుట్‌లెట్ పక్కపక్కన ఉన్నా, స్టిర్రర్ మరీ పైకి ఉన్నా ఇలా అవుతుంది. ఇన్‌లెట్ గొట్టాన్ని ఇంపెల్లర్ పక్కదాకా దింపండి.

పెరిస్టాల్టిక్ పంపు వాడుతుంటే ప్రతి పూటా కొలజాడీ పెట్టి క్యాలిబ్రేట్ చేయండి. సిలికాన్ గొట్టం రెండు మూడు గంటలు నలిగాక సాగుతుంది, ప్రవాహం మారుతుంది. రెండు పంపుల్లో ఒకటే మారితే మోలార్ నిష్పత్తి కూడా పోతుంది.

ఇంకొకటి: వేసవిలో మన ల్యాబులు 35 డిగ్రీలు ఉంటాయి. ఆ వేడికి రేటు కాన్‌స్టంట్ 0.20 దాకా పెరుగుతుంది, అదే ట్యాంకులో 77 శాతం రావాలి. థర్మామీటర్ రీడింగు రాయకుండా ‘గది ఉష్ణోగ్రత’ అని రాసిన నివేదికకు విలువ లేదు. కండక్టివిటీ కూడా డిగ్రీకి సుమారు 2 శాతం మారుతుంది. మధ్యాహ్నం ఏసీ వేసి తీసిన రీడింగులను పొద్దుటి వాటితో కలపకండి.

ప్రశ్న: రోజుకు 50 టన్నుల ఇథైల్ ఎసిటేట్ ప్లాంట్ మా డిజైన్ ప్రాజెక్టు. ఇథనాల్, ఎసిటిక్ ఆమ్లం ఒకటికి ఒకటి తీసుకుని 90 శాతం కన్వర్షన్‌కు ట్యాంకు సైజు కడుతుంటే జవాబు నెగెటివ్ వస్తోంది.
– విద్యార్థిని, వరంగల్

జవాబు: లెక్క తప్పు కాదు, అడిగినదే అసాధ్యం. ఈ రియాక్షన్ రెండువైపులా నడుస్తుంది, దాని ఈక్విలిబ్రియం కాన్‌స్టంట్ సుమారు 4. ఒకటికి ఒకటి తీసుకుంటే మూడింట రెండు వంతుల దగ్గర ఆగిపోతుంది. ఎంత పెద్ద ట్యాంకు కట్టినా 67 దాటదు. ఇథనాల్ రెట్టింపు వేస్తే 84 దాకా వెళ్తుంది. 90 పైన కావాలంటే ఎస్టర్‌నో నీటినో ఎప్పటికప్పుడు బయటికి లాగాలి. అందుకే పరిశ్రమలో రియాక్టర్ మీదే డిస్టిలేషన్ కాలమ్ కూర్చోబెడతారు. నెగెటివ్ వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్‌ను తిట్టకుండా మమ్మల్ని అడిగారు, మంచిది.

ప్రశ్న: 1000 లీటర్ల ఎస్ఎస్ 316ఎల్ (ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు) జాకెటెడ్ రియాక్టర్‌కు షెల్ మందం 5 మి.మీ. అని వేశాం. బయట ఫ్యాబ్రికేటర్‌కు చూపిస్తే నవ్వి, 10 వేయండి అన్నారు. ఎక్కడ తప్పాం?
– ఎంటెక్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మీరు పంపిన వివరాలు: లోపలి వ్యాసం 1 మీటరు, అడుగున 2:1 ఎలిప్సాయిడల్ డిష్, షెల్ ఎత్తు 1.1 మీటరు. లోపలి డిజైన్ పీడనం 6 బార్, వ్యాక్యూమ్ కూడా ఉంది. జాకెట్‌లో (షెల్ చుట్టూ ఉండే రెండో గోడలో) 3.5 బార్ ఆవిరి. తుప్పు తినే తరుగుకు 1 మి.మీ.

కొలతలు బాగున్నాయి. డిష్‌లో 131 లీటర్లు, షెల్‌లో 864 పడతాయి. 700 లీటర్లు పనికొచ్చే పరిమాణం అనుకుంటే ద్రవం లోతు 0.97 మీటరు, వ్యాసంతో దాదాపు సమానం. ఒక్క ఇంపెల్లర్ చాలు.

మందం దగ్గర మీరు లోపలి పీడనం ఒక్కటే చూశారు. ఏఎస్ఎంఈ సెక్షన్ 8 (పీడన పాత్రల అమెరికా కోడ్) సూత్రంలో 0.6 మెగాపాస్కల్, వ్యాసార్ధం 500 మి.మీ., అనుమతించే ఒత్తిడి 115 మెగాపాస్కల్, జాయింట్ ఎఫిషియెన్సీ 0.85 వేస్తే 3.1 మి.మీ. వస్తుంది. తరుగు కలిపి 4.1, పైకి సవరిస్తే 5. ఇంతవరకూ సరే.

కానీ లోపల వ్యాక్యూమ్ పెట్టి జాకెట్‌లో ఆవిరి వదిలిన రోజున షెల్ మీద బయటి నుంచి 4.5 బార్ పడుతుంది. లోపలి పీడనం రేకును సాగదీస్తుంది, బయటి పీడనం ఖాళీ నూనె డబ్బాను నొక్కినట్టు లోపలికి నొక్కేస్తుంది. ఈ రెండో తరహాలో మందానికి ఉన్న ఘాతం 2.5. మీ 5 మి.మీ.లో తరుగు పోగా మిగిలే 4 మి.మీ.కు బక్లింగ్ (షెల్ లోపలికి ముడుచుకుపోయే) పీడనం సుమారు 4.6 బార్ వస్తుంది. దాన్ని భద్రతా గుణకం 3తో భాగిస్తే 1.5 బార్ మాత్రమే. కావాల్సింది 4.5. సాగే గుణం ఒక్కటే చూసే సూత్రంతో వెనక్కి లెక్కిస్తే తరుగుతో కలిపి 7 మి.మీ. చిల్లర తేలుతుంది. అయితే 316ఎల్ మెత్తటి లోహం, 150 డిగ్రీల దగ్గర ఇంకా మెత్తబడుతుంది. అందుకే కోడ్‌లోని చార్టు చదవాలి. చార్టు దగ్గరికి వెళ్తే 8 మి.మీ. సరిహద్దులో తూగుతుంది, 10 నిశ్చింతగా నిలబడుతుంది. ఫ్యాబ్రికేటర్ నవ్వింది అందుకే. ఆయన చార్టు చూసి చెప్పి ఉండరు, ముడుచుకుపోయిన షెల్‌లు చూసి చెప్పి ఉంటారు. మీరు మాత్రం చార్టు రీడింగును నివేదికలో పెట్టండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 2825 వాడినా దారి ఇదే. అడుగు డిష్‌కు కూడా బయటి పీడనం లెక్క వేరుగా చేయాలి, అది అందరూ మరిచిపోయేదే.

హైడ్రోటెస్టుకు (నీరు నింపి పీడనం పెట్టి చూసే పరీక్షకు) బోరునీళ్లు వాడవద్దని కూడా రాయండి. స్టెయిన్‌లెస్‌కు క్లోరైడ్ శత్రువు. టెస్టు నీటిలో 50 పీపీఎం లోపు ఉండాలన్నది పరిశ్రమలో వాడుక. టెస్టు కాగానే నీరు వంచి ఆరబెట్టాలి. జాకెట్‌లో బోరునీరు మిగిలిపోయి, ఆ తర్వాత ఆవిరి తగిలితే వెల్డింగుల పక్కన జుట్టు వెంట్రుకల్లాంటి పగుళ్లు మొదలవుతాయి.

ప్రశ్న: ల్యాబ్‌లో 1 లీటరు ఫ్లాస్కులో ఎసిటిక్ ఆన్‌హైడ్రైడ్ హైడ్రాలిసిస్ 60 డిగ్రీల దగ్గర చక్కగా జరిగింది. ఐస్ కూడా అక్కర్లేకపోయింది. దాన్నే 700 లీటర్లకు స్కేల్ అప్ చేస్తున్నాం, అన్నిటినీ 700తో గుణించాం. హీట్ బ్యాలెన్స్ రాయమంటున్నారు, తప్పనిసరా?
– నలుగురు విద్యార్థులు, విశాఖపట్నం

జవాబు: మీ ప్రాజెక్టులో తప్పనిసరి అధ్యాయం అదొక్కటే. మిగతావి లేకపోయినా సర్దుకోవచ్చు.

నిండిన 1 లీటరు గుండ్రటి ఫ్లాస్కుకు ఘనమీటరు ద్రవానికి 48 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. పై జవాబులోని రియాక్టర్‌నే తీసుకుంటే 700 లీటర్లకు జాకెట్ తడిసే వైశాల్యం 3.36 చదరపు మీటర్లు, అంటే ఘనమీటరుకు 4.8. వేడి 700 రెట్లు పుట్టింది, దాన్ని లాగేసే గోడ లీటరు లెక్కన పదో వంతుకు పడిపోయింది. ఫ్లాస్కులో ఐస్ అక్కర్లేకపోవడం రియాక్షన్ మంచితనం కాదు, గాజు గోడ పుణ్యం.

అంకెల్లో చూద్దాం. 480 కిలోల నీరు, 200 కిలోల ఆన్‌హైడ్రైడ్. 200 కిలోలంటే 1,959 మోల్‌లు. మోల్‌కు సుమారు 58 కిలోజౌళ్ల చొప్పున మొత్తం 114 మెగాజౌళ్లు. చివరి మిశ్రమం 680 కిలోలు, విశిష్టోష్ణం కిలోకు 3.46 కిలోజౌళ్లు. చల్లదనం ఏమాత్రం అందకపోతే ఉష్ణోగ్రత 48 డిగ్రీలు పెరుగుతుంది. దీన్నే అడయబాటిక్ టెంపరేచర్ రైజ్ అంటారు. 60 దగ్గర మొదలైతే 108, మధ్యలోనే మరగడం మొదలవుతుంది. మూత బిగించిన ట్యాంకులో మరగడం అంటే పీడనం.

ఇక లాగగలిగింది ఎంత? జాకెట్ హీట్ ట్రాన్స్‌ఫర్ కోఎఫిషియెంట్ చదరపు మీటరుకు, డిగ్రీకి 300 వాట్లు, జాకెట్ నీటికీ ద్రవానికీ సగటు తేడా 30 డిగ్రీలు అనుకుంటే 3.36 × 300 × 30, అంటే 30 కిలోవాట్లు. అది ట్యాంకు నిండాక మాట. ఆన్‌హైడ్రైడ్‌ను నీటిలోకి కొద్దికొద్దిగా వదులుతాం (డోసింగ్) కాబట్టి మొదట్లో నీరు ఒక్కటే ఉంటుంది, 480 లీటర్లు. అప్పుడు జాకెట్‌లో తడిసేది 2.5 చదరపు మీటర్లే, సామర్థ్యం 22 కిలోవాట్లు. విద్యార్థుల నివేదికల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే: నిండు ట్యాంకు వైశాల్యంతో డోసింగ్ మొదటి నిమిషాన్ని లెక్కిస్తారు. 114 మెగాజౌళ్లను 22 కిలోవాట్లతో లాగాలంటే గంటన్నర. నీళ్లు వేడెక్కే వేసవికి కొంత వెసులుబాటు ఉంచి డోసింగ్ రెండు గంటలు పెట్టండి, గంటకు 100 కిలోలు. అప్పుడు పుట్టే వేడి 16 కిలోవాట్లు, జాకెట్‌కు ఊపిరాడుతుంది.

డోసింగ్ నెమ్మదిగా చేస్తే సరిపోదు, పడినది పడినట్టు ఖర్చవ్వాలి కూడా. 60 డిగ్రీల దగ్గర ఈ రియాక్షన్ హాఫ్ లైఫ్ (సగం ఖర్చయ్యే సమయం) అర నిమిషం పైచిలుకు, పడగానే అయిపోతుంది. ‘జాగ్రత్త కోసం’ అని 10 డిగ్రీల దగ్గర డోసింగ్ చేస్తే హాఫ్ లైఫ్ పన్నెండు నిమిషాల దాకా సాగుతుంది, ఆన్‌హైడ్రైడ్ ట్యాంకులో పోగుపడుతుంది. తర్వాత వేడి పెంచినప్పుడు అంతా ఒక్కసారిగా రియాక్ట్ అవుతుంది. చల్లగా ఉంటే క్షేమం అనే నమ్మకం ఇక్కడ తిరగబడుతుంది.

స్టిర్రర్ ఆగితే ఇంకా ప్రమాదం. ఆన్‌హైడ్రైడ్ నీటికంటే బరువు, వెంటనే కలవదు, అడుగున పొరలా నిలుస్తుంది. కరెంటు పోయి వచ్చాక ఆపరేటర్ అలవాటుగా స్టిర్రర్ బటన్ నొక్కితే ఆ పొర అంతా ఒక్క నిమిషంలో నీళ్లలో కలుస్తుంది. అందుకని మీ పీ అండ్ ఐడీలో (పైపులు, పరికరాలు చూపే డ్రాయింగులో) స్టిర్రర్ ఆగినా, ఉష్ణోగ్రత 70 దాటినా డోసింగ్ వాల్వు తనంతట తాను మూసుకునే ఇంటర్‌లాక్ గీయండి. స్టిర్రర్ తిరిగి ఎలా మొదలుపెట్టాలో కూడా రాయండి: ముందు పోగుపడినది ఎంతో లెక్క చూసి, జాకెట్ చల్లదనం నడుస్తోందని నిర్ధారించుకుని, తక్కువ వేగంతో.

ఇదంతా పుస్తకాల భయం అనుకునేవారికి అమెరికాలోని టీ2 ల్యాబొరేటరీస్ ఉదంతం చెప్పాలి. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో 2007 డిసెంబర్ 19న సోడియంతో నడిచే బ్యాచ్ రియాక్టర్ పేలి నలుగురు చనిపోయారు, 32 మంది గాయపడ్డారు. జాకెట్‌కు నీరు అందడం ఆగింది, రెండో ఏర్పాటు లేదు. వేడి పెరిగాక సోడియం సాల్వెంట్‌తో రెండో రియాక్షన్ మొదలుపెట్టింది. 1 లీటరు పాత్రలో పరీక్షించి నేరుగా పెద్ద రియాక్టర్‌కు వెళ్లిన ప్రక్రియ అది. పేలింది 175వ బ్యాచ్. అంతకు ముందు 174 సార్లు నడిచింది కదా అన్న ధీమాకు అర్థం లేదని తేలింది. రప్చర్ డిస్కు (పీడనం మించితే పగిలి దారి ఇచ్చే రేకు) ఉంది, కానీ అది తెరుచుకునే పీడనం చాలా ఎక్కువ, అప్పటికే చేయి దాటిపోయింది. ఆ తర్వాతే అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు, రియాక్టివ్ హజార్డ్స్‌ను కెమికల్ ఇంజనీరింగ్ పాఠ్యప్రణాళికలో చేర్చాలని సిఫార్సు చేసింది.

ఒక చట్టపరమైన విషయం. ఎసిటిక్ ఆన్‌హైడ్రైడ్ మన దేశంలో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం కింద నియంత్రిత పదార్థం. కొనుగోలుకూ నిల్వకూ లెక్క చెప్పాలి. కాలేజీ స్టోర్స్ ద్వారా తప్ప సొంతంగా తెప్పించుకోవద్దు.

ప్రశ్న: అజిటేటర్ పవర్ లెక్క కడితే 43 వాట్లు వచ్చింది. ప్లాంటులో అదే సైజు రియాక్టర్‌కు 3 హెచ్‌పీ మోటారు చూశాం. ఎవరిది తప్పు?
– విద్యార్థి, తిరుపతి

జవాబు: ఎవరిదీ కాదు. 333 మి.మీ. పిచ్డ్ బ్లేడ్ టర్బైన్, 120 ఆర్‌పీఎం, నీళ్లలాంటి ద్రవం, పవర్ నంబరు 1.3 వేస్తే 43 వాట్లే. అది ద్రవంలోకి వెళ్లే శక్తి. సీల్ రాపిడి, గేర్‌బాక్స్ నష్టం, మొదలయ్యేటప్పుడు అడుగున పేరుకున్న ఘనపదార్థాన్ని కదిలించాల్సిన బలం – ఇవన్నీ మోటారు భరించాలి. పైగా ప్లాంటులో ఒకే రియాక్టర్‌లో ఈ నెల పలచటి ద్రావణం, వచ్చే నెల గంజిలాంటి స్లర్రీ వేస్తారు. ఎక్కువ భారానికే కొనిపెట్టుకుంటారు.

మీ లెక్కలో చూసుకోవాల్సింది వేరు. వేగం రెట్టింపైతే పవర్ ఎనిమిది రెట్లు, ఇంపెల్లర్ వ్యాసం రెట్టింపైతే ముప్పై రెండు రెట్లు. ల్యాబ్‌లో 5 సెం.మీ. ఇంపెల్లర్ 400 ఆర్‌పీఎంలో తిప్పారని ఇక్కడా 400 రాయకండి. లీటరుకు అదే పవర్ ఉండాలంటే 113 ఆర్‌పీఎం చాలు. బ్యాఫిల్స్ (ట్యాంకు గోడకు నిలువుగా బిగించే పట్టీలు) నాలుగు, వెడల్పు ట్యాంకు వ్యాసంలో పదో వంతు నుంచి పన్నెండో వంతు. అవి లేకపోతే సుడి పడుతుంది, ద్రవమంతా గుండ్రంగా తిరుగుతుందే తప్ప పైదీ కిందదీ కలవదు.

ప్రశ్న: ఇండస్ట్రియల్ విజిట్‌కు బల్క్ డ్రగ్ యూనిట్‌కు వెళ్తున్నాం. జీఎల్ఆర్ (లోపల గాజు పూత ఉన్న రియాక్టర్) ఎప్పుడు, ఎస్ఎస్ఆర్ (స్టెయిన్‌లెస్ స్టీలు రియాక్టర్) ఎప్పుడు వాడతారు? అక్కడ ఏం అడగాలి?
– విద్యార్థులు, సంగారెడ్డి

జవాబు: ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ వచ్చిన 1960ల నుంచి హైదరాబాద్ చుట్టూ ఈ పరిశ్రమ ఎదిగింది. జీడిమెట్ల, పాశమైలారంలలో అయినా, విశాఖ దగ్గర పరవాడలో అయినా ప్రొడక్షన్ బ్లాకుల్లో ఈ రెండు రకాలూ వరసగా కనిపిస్తాయి.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం, బ్రోమైడ్లు ఉన్న చోట జీఎల్ఆర్ తప్పదు, స్టెయిన్‌లెస్‌ను అవి తినేస్తాయి. వేడి కాస్టిక్, ఫ్లోరైడ్లు ఉన్న చోట దానికి తిరకాసు, గాజు పూతనే కరిగిస్తాయి. గాజు వేడిని ఆపుతుంది కాబట్టి జీఎల్ఆర్ హీట్ ట్రాన్స్‌ఫర్ కోఎఫిషియెంట్ స్టెయిన్‌లెస్ కంటే తక్కువ. పై లెక్కలోని 300 బదులు 200 వేసుకుంటే డోసింగ్ సమయం ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. వేడి జీఎల్ఆర్ జాకెట్‌లోకి ఒక్కసారిగా చల్లటి బ్రైన్ (ఉప్పు ద్రావణం) వదిలితే గాజు చిట్లుతుంది. దాని షెల్ మీద వెల్డింగ్ చేయరు.

లోపల గాజును కాపాడుకుంటూనే బయటి నుంచి పాడుచేసే పద్ధతి ఒకటుంది. జాకెట్‌లో పేరుకున్న పొలుసును వదిలించడానికి ఆమ్లం పోస్తారు. ఆమ్లం స్టీలుతో చర్య జరిపి హైడ్రోజన్ పరమాణువులను పుట్టిస్తుంది, అవి స్టీలులోంచి దూరి అవతలి గాజు వెనక పోగుపడతాయి. కొన్నాళ్లకు గాజు చేప పొలుసుల్లా లేస్తుంది. లోపల ఎవరూ ఏమీ చేయలేదే అని తలలు పట్టుకుంటారు. విజిట్‌లో మెయింటెనెన్స్ వాళ్లను జాకెట్ ఎలా శుభ్రం చేస్తారో అడగండి, మిగతా ప్రశ్నలన్నిటికంటే ఎక్కువ తెలుస్తుంది.

నేమ్‌ప్లేట్ దగ్గర ఆగి షెల్, జాకెట్ డిజైన్ పీడనాలు, ఉష్ణోగ్రతలు, టెస్టు పీడనం వేర్వేరుగా రాసుకోండి. ఫొటోలు తీయనివ్వరు, నోటుబుక్కు పట్టుకెళ్లండి. ప్రొడక్టు పేరు, రెసిపీ అడగవద్దు, చెప్పరు. నాజిల్ షెడ్యూల్ (రియాక్టర్‌కు ఉన్న గొట్టం మూతుల జాబితా) అడిగితే మాత్రం చాలాసార్లు చూపిస్తారు.

ప్రశ్న: మా కాలేజీలో ఖరీదైన సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు లేదు. ఎక్సెల్‌తో సరిపెట్టవచ్చా?
– విద్యార్థిని, కర్నూలు

జవాబు: పై లెక్కలన్నీ ఎక్సెల్‌లో అవుతాయి. సిమ్యులేటరే కావాలంటే డీడబ్ల్యూసిమ్ ఉచితం. ఐఐటీ బాంబేలోని ఫాసీ ప్రాజెక్టు వారు దాని మీద శిక్షణ పాఠాలు పెట్టారు. థర్మోడైనమిక్ డేటాకు నిస్ట్ (అమెరికా ప్రమాణాల సంస్థ) వెబ్‌బుక్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఫార్మేషన్ హీట్ తీసుకునేటప్పుడు పక్కన వాయువా, ద్రవమా అని ఉన్నది చూసుకోండి. ద్రవ రియాక్షన్‌కు వాయువు విలువ వేస్తే ఆవిరయ్యే వేడి అంతా మీ హీట్ బ్యాలెన్స్‌లో కలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పకుండా జవాబు ఇచ్చేస్తుంది.